నల్లగొండ ఫ్రీజర్ బాక్సు సేవ: ధర చెప్పకముందే అడిగిన మూడు ప్రశ్నలు

గత మే నెలలో ఒక ఆదివారం రాత్రి 9 గంటల 50 నిమిషాలకు మా అమ్మ కనగల్ మండలంలోని మా ఊళ్లో, తన నులక మంచం మీదనే కన్నుమూసింది. తల్లికి చిన్న కొడుకు తలకొరివి పెట్టాలన్నది మా ఇంటి ఆచారం. ఆ చిన్న కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. వాడు సోమవారం సాయంత్రం శంషాబాద్‌లో దిగి ఊరు చేరేసరికి చీకటి పడుతుంది కనుక మంగళవారం ఉదయం దాకా అమ్మను ఇంట్లోనే ఉంచవలసి వచ్చింది. మే నెలలో నల్లగొండ ఎండ ఎట్లా ఉంటుందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. అందువల్ల ఆ రాత్రే నల్లగొండ నుండి ఒక ఫ్రీజర్ బాక్సు అద్దెకు తెప్పించుకున్నాము. ఈ సమీక్ష ఆ బాక్సు గురించి, దానిని పంపిన దుకాణం గురించి. మెచ్చుకోవలసిన సంగతులతో పాటు తప్పుపట్టవలసినవి కూడా ఉన్నందువల్ల దుకాణం పేరు రాయడం లేదు.

మా ఊరి టెంట్ హౌస్ అతను నెంబరు ఇచ్చాడు. నేను ఫోన్ చేసేసరికి రాత్రి 10 దాటింది. రెండో రింగుకే ఎత్తారు. అవతలి మనిషి ధర చెప్పలేదు, ఊరి పేరు కూడా అడగలేదు. మొట్టమొదట అడిగిన మాట ఇది: "డాక్టర్ చూసిండా సార్?" మా ఊరి ఆర్‌ఎంపీ వచ్చి నాడి చూసి తల అడ్డంగా ఊపి వెళ్లాడని చెప్పాను. "ఆర్‌ఎంపీ గాదు సార్. అమ్మకు ఇన్ని రోజులు మందులు రాసిన పెద్ద డాక్టర్ ఉంటడు గద, ఆయనకు ఫోన్ జేయున్రి, రేపు కాగితం రాసిస్తడా అడుగున్రి. నేను ఐదు నిమిషాలాగి మళ్ల జేస్త" అని ఫోన్ పెట్టేశాడు. బేరం మాట్లాడకుండా ఫోన్ పెట్టేసే వ్యాపారిని నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ప్రశ్న విలువ నాకు తర్వాత తెలిసింది. ఇంట్లో మనిషి ఊపిరి ఆగినట్టు అనిపించగానే మనం చుట్టాలకు కబుర్లు పెట్టడం మొదలుపెడతాము, కానీ అర్హత ఉన్న వైద్యుడు చూసి మరణాన్ని నిర్ధారించే దాకా అది మన అనుమానమే తప్ప మరణం కాదు. ఊరికి డాక్టరు రాలేని పరిస్థితిలో 108కు ఫోన్ చేయడం తప్పేమీ కాదు. ప్రాణం ఉందో లేదో అన్న సందేహం రవ్వంత ఉన్నా అదే మొదటి పని. ఇక చివరి జబ్బుకు వైద్యం చేసిన డాక్టరు మరణానికి కారణం రాసి ధ్రువపత్రం ఇవ్వాలని, దానికి ఫీజు తీసుకోరాదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది. మా అమ్మ రెండేళ్లుగా మూత్రపిండాల జబ్బుకు నల్లగొండలో ఒక డాక్టరు దగ్గర మందులు వాడింది. ఆ రాత్రి ఆయనకు ఫోన్ చేస్తే సోమవారం ఉదయం పాత చీటీలు తీసుకుని రమ్మన్నారు. మా బావ వెళ్లి పది నిమిషాలలో కాగితం తెచ్చాడు. అదే పని రెండు వారాల తర్వాత చేసి ఉంటే ఆ డాక్టరుకు మా అమ్మ ముఖం గుర్తుండేదో లేదో.

రెండో ప్రశ్న ఇంకా సూటిగా ఉంది: "మామూలు సావేనా సార్, ఏమన్న కేసున్నదా?" నాకు మొదట కోపం వచ్చింది. ఆయన వివరించాక తగ్గింది. వ్యవసాయ మోటారు దగ్గర కరెంటు షాక్, పాముకాటు, పురుగుల మందు, బావిలో పడడం, బైకు ప్రమాదం వంటి వాటిలో ఏది జరిగినా పోలీసులు చూసి పంచనామా రాసుకునే దాకా తాము బాక్సు పంపబోమని, పంపితే సాక్ష్యం చెడిపోయిందని తమ మీదకే వస్తుందని చెప్పాడు. ఇది ఆయన సొంత నియమం కాదు. అసహజ మరణం మీద పోలీసు విచారణ జరగాలని పాత నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) 174వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 194వ సెక్షన్. అటువంటి సమయంలో మొదటి పని 112కు ఫోన్ చేయడం, శవాన్ని కదిలించకుండా, కడగకుండా, బట్టలు మార్చకుండా ఉంచడం.

మా వైపు ఊళ్లలో పరువు పోతుందనో, పోస్టుమార్టం పేరుతో శరీరాన్ని కోస్తారనో చాలామంది తెల్లవారకముందే దహనం చేసేస్తారు. దాని వల్ల జరిగే నష్టం దినాలు అయిపోయాక బయటపడుతుంది. బ్యాంకు ఖాతా నుండి ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి, కానీ అది ప్రమాదమేనని చూపే పోలీసు కాగితాలు, పోస్టుమార్టం నివేదిక లేకుండా ఆ డబ్బు అడగడం కష్టం. పట్టాదారు అయిన రైతుకు 18 నుండి 59 ఏళ్ల మధ్య ఏ కారణంతో మరణం సంభవించినా నామినీకి 5 లక్షలు ఇచ్చే రైతుబీమా వేరు; 2018 ఆగస్టులో మొదలైన ఆ పథకానికి మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్ తీసుకుని వ్యవసాయ విస్తరణ అధికారిని కలవాలి. మా అమ్మ వయసు 78 కనుక మాకు అది వర్తించలేదు.

మూడో ప్రశ్న: "ఎవరి కోసం ఆపుతున్రు, ఎన్ని గంటలు?" తమ్ముడి సంగతి చెప్పాను. "అట్లయితే బాక్సు గావాలె. రేపు పొద్దుగాల పదింటి లోపల ఎత్తేటట్టుంటే వద్దందును సార్, ఐసు గడ్డలు సాలు" అన్నాడు. తన సరుకు అక్కరలేని సందర్భమేదో తానే చెప్పిన ఈ ఒక్క మాటకు నేను ఆ దుకాణానికి తర్వాతి తప్పులన్నీ సగానికి సగం మాఫీ చేశాను.

బాక్సు వచ్చేసరికి రాత్రి 12:30 అయింది. గంటన్నర అని చెప్పి రెండు గంటలకు పైగా చేశారు. అయితే ఆ మధ్య కాలంలో ఏమి చేయాలో ఫోన్‌లోనే చెప్పారు, ఆ సూచనలు సరైనవి. ప్రాణం పోయిన రెండు నుండి నాలుగు గంటలలో కండరాలు బిగుసుకోవడం మొదలవుతుంది. ముందు దవడ, మెడ, ఆ తర్వాత కాళ్లూ చేతులూ. కనుక మొదటి గంటలోనే కనురెప్పలు మూయాలి, గడ్డం కింద నుండి తల మీదికి మెత్తని గుడ్డ కట్టాలి, కాళ్లు చక్కగా చాపి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాలి, చేతులు పక్కకు సర్దాలి. మా మేనత్తలు ఈ పనులన్నీ ఎవరూ చెప్పకుండానే చేస్తారు. పెద్దవాళ్లు లేని ఇళ్లలో మాత్రం ఫోన్‌లో ఒకరు చెప్పవలసిందే.

బంగారం సంగతి ప్రత్యేకంగా చెప్పారు. "ఒంటి మీదున్నయన్ని ఇప్పుడే తీసి, ఇద్దరి ముందట లెక్కబెట్టి, ఒకరి చేతికియ్యున్రి. బాక్సుల పెట్టినంక మమ్ముల అడగొద్దు." అమ్మకు ముక్కుపుడక, చెవులకు గంటీలు, కాళ్లకు వెండి కడియాలు ఉన్నాయి. జబ్బు వల్ల కాళ్లు వాచి కడియాలు మాంసంలోకి దిగినట్టున్నాయి. అక్క సబ్బు నురగ తెచ్చి, మడమ దగ్గర వేలు దూర్చి, చిన్నప్పుడు అమ్మ తనకు గాజులు తొడిగినప్పటిలాగానే "కొంచెం ఓర్సుకో" అని గొణుగుతూ ఒక్కొక్క కడియాన్నీ తిప్పి తిప్పి తీసింది. తీశాక చీలమండ చుట్టూ తెల్లని గీత మిగిలింది. ఆ కడియాలు, మిగతా నగలు కలిపి అందరి ముందూ ఒక స్టీలు డబ్బాలో పెట్టి, ఏమేమి ఉన్నాయో ఒక కాగితం మీద రాసి, మా చిన్నాయన చేతికి ఇచ్చాము. దినాల నాడు ఎవరూ ఎవరినీ అనుమానంగా చూడలేదు.

ఇక్కడ దుకాణం వారు అడగని నాలుగో ప్రశ్న ఒకటి ఉంది. కళ్లు ఇస్తారా అని వారు అడగలేదు. అది వారి పని కాదనవచ్చు. కానీ మరణం తర్వాత కార్నియాను, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శక పొరను, 6 గంటల లోపే తీయాలి, ఆ 6 గంటలలో ఎక్కువ భాగం కుటుంబం ఇటువంటి ఫోన్లలోనే గడుపుతుంది కనుక అడగవలసిన చోటు అదేనని నా అభిప్రాయం. కళ్లద్దాలు వాడినవారు, శుక్లాల ఆపరేషన్ అయినవారు కూడా ఇవ్వవచ్చు; వయసు అడ్డు కాదు. రెప్పలు మూసి పైన తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తుగా ఉంచాలి, ఫ్యాను ఆపేయాలి, దగ్గరలోని నేత్ర నిధికి వెంటనే ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన రామాయమ్మ నేత్ర నిధి 1989 నుండి పని చేస్తున్నది. మా ఇంట్లో ఈ మాట ఎవరికీ తట్టలేదు. ఫ్యాను మాత్రం తెల్లవార్లూ తిరుగుతూనే ఉంది.

ఇక బాక్సు. ట్రాలీ ఆటోలో డ్రైవరు, ఒక సహాయకుడు వచ్చారు. బాక్సు పైభాగమంతా అద్దం మూత, అడుగున కంప్రెసర్, నాలుగు మూలల్లో చక్రాలు. డ్రైవరు ముందుగా వసారాలో ప్లగ్గులన్నీ చూసి, ఎర్తింగు సరిగా ఉన్నదనిపించిన దానిని ఎంచుకుని, గోడకు జానెడు దూరం వదిలి బాక్సును నిలిపాడు. వెనుక నుండి వేడి గాలి పోవాలట. ఖాళీ బాక్సును అరగంట నడిపి, లోపల చేయి పెట్టి చల్లదనం చూసుకున్న తర్వాతనే అమ్మను అందులోకి చేర్చనిచ్చాడు. మా బంధువులు కొందరు ఆలస్యమవుతున్నదని విసుక్కున్నారు, అతను వినలేదు. "పెట్టినంక సల్లగైతదని పెడితే లాభం లేదు" అన్నాడు. ఆ అరగంట ఓపిక పట్టడమే సరైన పద్ధతి.

లోపాలు కూడా చెప్పాలి. బాక్సు పాతది. మూత అంచున రబ్బరు ఒకచోట ఊడి ఉంది, అక్కడ గుడ్డ కుక్కారు. అద్దానికి చెమట పట్టి అమ్మ ముఖం కనిపించక, వచ్చిన ప్రతి ఒక్కరూ అరచేతితో తుడిచారు. తుడిచినచోట మళ్లీ పొగమంచులా కమ్ముకునేది. కింద నీరు పోయే పైపు లీకై తెల్లవారేసరికి వసారాలో చిన్న మడుగు అయింది, అందులో అగరుబత్తుల బూడిద కలిసి నల్లగా పారింది. అక్క బకెట్ పెట్టింది. ఇంత అద్దె తీసుకునేవారు పది రూపాయల క్లిప్పు వేయించకపోవడం నాకు నచ్చలేదు.

అతి పెద్ద లోపం కరెంటు విషయంలో. రాత్రి 2 గంటలు దాటాక కరెంటు పోయింది. ఇంట్లోని ఇన్వర్టరు రెండు బల్బులు, ఒక ఫ్యాను నడుపుతుందే కానీ ఈ కంప్రెసర్‌ను లాగలేదు. జనరేటరు కావాలంటే ముందే చెప్పాలని, దానికి వేరే కిరాయి అని దుకాణం వారు అప్పుడు ఫోన్‌లో చెప్పారు. ఊళ్లలో కరెంటు పోవడం వింతేమీ కాదు కదా, మొదటి ఫోన్‌లోనే అడగవలసిన మాట కాదా అది? మూత తీయకుండా ఉంచితే చల్లదనం కొంతసేపు నిలుస్తుందని డ్రైవరు చెప్పి ఉన్నందువల్ల ఎవరినీ ముట్టనివ్వలేదు. నలభై నిమిషాలకు కరెంటు వచ్చింది. ఆ నలభై నిమిషాలూ మా పెద్దమ్మ కొడుకు టెంట్ హౌస్ జనరేటరు తాళం కోసం ఊరంతా తిరిగాడు. బాక్సు తెప్పించుకునేవారు ముందు జనరేటరు మాట తేల్చుకోవాలని నా సలహా.

తెల్లవారాక వచ్చే ప్రతి చుట్టమూ మూత తీయమని అడుగుతారు. ఇది మన వైపు చాలా సహజం. ముఖం మీద చేయి వేసి ఏడవకపోతే వచ్చినట్టు ఉండదు. డ్రైవరు మాత్రం ఒక్కసారి మూత తీస్తే గంటసేపటి చల్లదనం పోతుందని హెచ్చరించి వెళ్లాడు. మేము మూత తీయడాన్ని తమ్ముడి కోసం ఆపి ఉంచాము. సోమవారం రాత్రి 8:30కి వాడు కారు దిగి, చెప్పులు విప్పకుండానే వసారా ఎక్కినప్పుడు తీశాము.

మంగళవారం ఉదయం 8 గంటలకు పాడె కట్టారు. బాక్సు నుండి తీసిన దేహం చాలా చల్లగా, బరువుగా ఉంటుంది, స్నానం చేయించడానికి ఆడవాళ్ల చేతులు వణుకుతాయి. గోరువెచ్చని నీళ్లు ముందే కాచి ఉంచుకోవాలి. ఊరి చివర దింపుడు కళ్లం దగ్గర పాడెను దింపారు. తమ్ముడు అమ్మ చెవిలో మూడుసార్లు పిలిచాడు. ముప్పై గంటలకు పైగా ఫ్రీజరులో ఉన్న మనిషిని పిలవడమేమిటని దుబాయ్ నుండి వాడితో వచ్చిన స్నేహితుడు అన్నాడట. పూర్వం డాక్టర్లు లేని ఊళ్లలో చివరిసారి ప్రాణం చూసుకునే ఏర్పాటు ఇదేనేమో అని నాకు అనిపిస్తుంది. వాడు మూడోసారి పిలిచినప్పుడు డప్పులు కూడా ఆగాయి, ఎవరూ కదలలేదు.

దహనం మా ఊరి వైకుంఠధామంలో జరిగింది. పల్లెప్రగతి పథకం కింద కట్టిన ఈ వైకుంఠధామాలు వచ్చాక వానాకాలం బాధ తప్పింది, స్నానాలకు నీళ్లు ఉన్నాయి. దాని గురించి అంతకంటే చెప్పనక్కరలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను: గుండెకు పేస్‌మేకర్ అమర్చిన వారైతే దహనానికి ముందు దానిని తీయించాలి, మంటల్లో అది పేలుతుంది. అస్థికలను వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట నిమజ్జనం చేశాము. పాలమూరు వైపు వారు బీచుపల్లికో సోమశిలకో వెళ్తారు.

ఇప్పుడు బిల్లు. బాక్సుకు మొదటి 24 గంటలకు 3,500, ఆ తర్వాతి సగం రోజుకు 1,750, ఆటో రానుపోను 1,200. ఇంతవరకు ఫోన్‌లో చెప్పినదే. దాని మీద "నైట్ చార్జీ" అని 500 వేశారు, అది చెప్పలేదు. సామగ్రి మూట అని 2,800. అందులో తెల్లగుడ్డ, వెదురు, కొబ్బరితాడు, కుండలు, కర్పూరం, పసుపు కుంకుమలు, నెయ్యి, చిన్న గంధపు చెక్క ముక్క ఉన్నాయి. పట్నంలో అపార్టుమెంటులో ఉండేవారికి అది అవసరమేమో కానీ పల్లెలో వెదురు ఎవరో ఒకరి దొడ్లో ఉంటుంది, కుండలు ఊరి కుమ్మరి ఇస్తాడు. నెయ్యి సీసా మీద నెయ్యి అని రాసి ఉంది, వాసన మాత్రం లేదు. మొత్తం 9,750. చావింట్లో బేరమాడడానికి నోరు రాదు, ఆ సంగతి వారికీ తెలుసు. ఇంట్లో దుఃఖంలో లేని ఒక మనిషిని, అల్లుడినో పక్కింటివారినో, డబ్బు మాటలకు ముందే నియమించుకోవాలి. మా బావ మాట్లాడి 500 తగ్గించాడు.

ఇదే సందర్భంలో జడ్చర్ల దగ్గర మా అత్తగారి ఊరి పద్ధతి చెప్పాలి. అక్కడ యువకులు చందాలు వేసుకుని ఒక బాక్సు కొని ఊరి కోసం ఉంచారు. ఊరి వారికి అద్దె లేదు, తెచ్చిపెట్టినందుకు ఆటో ఖర్చు ఇస్తే చాలు. ఇటువంటి బాక్సులు దాతల పేరుతో చాలా ఊళ్లలో ఉన్నాయి. నల్లగొండకు ఫోన్ చేయకముందు పక్క ఊరి సర్పంచును ఒక్క మాట అడిగి ఉంటే మాకు సగం డబ్బు మిగిలేదేమో. అట్లాగే ప్రభుత్వ ఆసుపత్రిలో మరణించిన వారిని ఇంటికి చేర్చడానికి ఉచిత పార్థివ వాహనం ఉంటుంది. ఆసుపత్రి గేటు దగ్గర ప్రైవేటు వ్యాన్ల వారు చుట్టుముట్టకముందే లోపల దాని గురించి అడగాలి. 108 బతికున్నవారి కోసమే, దేహాన్ని తీసుకుపోదు.

డ్రైవరు బాక్సు దించిన రాత్రే నా చేతిలో ఒక అరఠావు కాగితం పెట్టాడు. పైన దుకాణం ఫోన్ నెంబరు, కింద చేయవలసిన పనులు ఎనిమిది వరుసలలో ముద్రించి ఉన్నాయి. నేను బడిపంతులును, ముద్రించిన కాగితం ఏది చేతికి వచ్చినా ఎర్రసిరాతో చదవడం అలవాటు. ఎనిమిదిలో ఆరు వరుసలు నిక్షేపంగా ఉన్నాయి. రెండు తప్పు.

ఒకటి, "మరణ నమోదు 30 రోజులలో చేయించవలెను" అని ఉంది. గడువు 21 రోజులు. 21 దాటి 30 రోజుల లోపైతే ఆలస్య రుసుము కట్టాలి, 30 రోజులు దాటి ఏడాది లోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి, ఏడాది దాటితే ఆర్డీవో కార్యాలయం చుట్టూ తిరగాలి. దినాలన్నీ అయిపోయాక, చుట్టాలు వెళ్లిపోయాక చూద్దామనుకునేవారికి ఈ తొమ్మిది రోజుల తేడా పెద్దదే. 21 రోజుల లోపు చెబితే నమోదైన మొదటి పత్రం ఉచితంగానే ఇవ్వాలి.

రెండోది, "సొంత గ్రామ పంచాయతీలో నమోదు చేయించవలెను" అని ఉంది. మరణం ఎక్కడ జరిగిందో నమోదు అక్కడే జరుగుతుంది, సొంత ఊరు ఏదైనా సరే. మా అమ్మ ఇంట్లో పోయింది కనుక మా పంచాయతీ కార్యదర్శి దగ్గరనే అయింది. నల్లగొండలో పోతే అక్కడి పురపాలక కార్యాలయంలో, హైదరాబాద్ ఆసుపత్రిలో పోతే జీహెచ్ఎంసీలో. ఆసుపత్రిలో జరిగిన మరణాన్ని తెలియజేయవలసిన బాధ్యత ఆసుపత్రిదే. కుటుంబం చేయవలసినది పేరు ఎట్లా రాశారో చూసుకోవడం. మా కొలీగు ఒకరు తండ్రి హైదరాబాద్‌లో పోతే సొంత ఊరి పంచాయతీకి నాలుగుసార్లు తిరిగి, చివరికి మళ్లీ హైదరాబాద్ వెళ్లవలసి వచ్చింది.

పేరు విషయం ఆ కాగితంలో లేదు కానీ నేను చేరుస్తాను. ఆధార్‌లో, పట్టాదారు పాసుపుస్తకంలో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకే తీరుగా ఉన్నదా అని కార్యదర్శి దగ్గరకు పోకముందే చూసుకోవాలి. మా ఊళ్లలో ఒక పుస్తకంలో లక్ష్మమ్మ ఇంకో పుస్తకంలో లచ్చమ్మ అవుతుంది. మరణ పత్రంలో ఏ పేరు పడితే దానితోనే తర్వాత తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, భూమి విరాసత్ (వారసుల పేరుకు మార్పిడి), బ్యాంకు డబ్బు అన్నీ నడవాలి. అమ్మ ఇంటిపేరు పాసుపుస్తకంలో ఒక అక్షరం తేడాగా ఉంటే మేము నమోదుకు ముందే ఆధార్ ప్రకారం రాయించి, తేడా ఉన్న సంగతిని తహసీల్దారు కార్యాలయంలో వేరుగా తెలిపాము. అది మాత్రం ఇంకా తేలలేదు.

కాగితంలోని మిగతా వరుసలలో ఒకటి నాకు బాగా నచ్చింది: "మృతుల సిమ్ కార్డు రద్దు చేయించరాదు." బ్యాంకు, ఆధార్ ఓటీపీలన్నీ ఆ నెంబరుకే వస్తాయి, కనీసం ఆరు నెలలు రీచార్జి చేస్తూ ఉంచుకోవడం మంచిది. దాని కింది వరుస ఏటీఎం కార్డు వాడరాదని. మా ఇంట్లోనే ఒక పెద్దమనిషి, ఖాతా ఆగిపోకముందే రాత్రికి రాత్రి డబ్బు తీసుకోమని సలహా ఇచ్చాడు. ఖాతాదారు మరణించాక ఆ కార్డుతో డబ్బు తీయడం చట్టరీత్యా తప్పు, పైగా వారసుల మధ్య తగవుకు అదే మొదలు. నామినీ పేరు ఉంటే మరణ పత్రం, నామినీ గుర్తింపు కాగితం ఇస్తే బ్యాంకు 15 రోజులలో తేల్చాలి. వృద్ధాప్య పింఛను కూడా ఆ నెలనే ఆపమని కార్యదర్శికి చెప్పాలి. తెలియక తీసుకున్నా తర్వాత వసూలు చేస్తారు.

దుకాణానికి ఐదుకు మూడున్నర ఇస్తాను. ఫోన్‌లో మాట్లాడిన మనిషికి విడిగా మార్కులు వేసే వీలుంటే ఐదుకు ఐదు. బాక్సుకు రెండు. నైట్ చార్జీకి సున్నా.

మిగిలిన డబ్బు ఇవ్వడానికి పెద్దకర్మ అయ్యాక నల్లగొండ వెళ్లినప్పుడు, ఆ అరఠావు కాగితంలోని రెండు తప్పులూ యజమానికి చూపించాను. ఆయన శ్రద్ధగా విని, బల్ల సొరుగులో నుండి కాగితాల కట్ట తీసి చూసుకుని, ఇంకా రెండు వేల కాగితాలు మిగిలి ఉన్నాయని, అవి అయిపోయాక కొత్తవి వేయిస్తానని అన్నాడు. ఆగస్టులో కనగల్‌లోనే మా దూరపు చుట్టం ఒకరు పోతే చూడడానికి వెళ్లాను. వసారాలో అదే బాక్సు ఉంది, మూత అంచున రబ్బరు స్థానంలో ఇంకా గుడ్డే ఉంది. దాని మీద ఎవరో పెట్టి మరచిపోయిన కాగితం తీసి చూశాను. 30ని కొట్టేసి పక్కన నీలి సిరాతో 21 అని రాసి ఉంది.